గర్భిణీ స్త్రీ – మద్యపానం – కడుపులోని బిడ్డ

"మద్యపానం ఆరోగ్యానికి హానికరం" అన్న మాటను సినిమా హాళ్ళలో, సీసాల మీద, గోడల మీద చదివి చదివి మనం అలవాటు పడిపోయాం. ఎవరి ఆరోగ్యానికి అంటే తాగినవాళ్ళ ఆరోగ్యానికే అనుకుంటాం. కాని తాగాలని కోరుకోని, వద్దని చెప్పలేని, ఇంకా ఈ లోకంలోకి రాని ఒక ప్రాణి కూడా ఆ మద్యాన్ని తాగవలసి వస్తుంది. ఆ ప్రాణి తల్లి కడుపులోని బిడ్డ. ఆ బిడ్డకు జరిగే హాని ఎలాంటిది, దాన్ని ఎలా తప్పించవచ్చు అన్నదే ఈ వ్యాసంలోని విషయం. నేను చదివేది వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం. ఈ మూడు శాస్త్రాలూ ఒకచోట కలిసే పాఠం ఇది.

ఈ పాఠానికి మన నగరంలోని ఒక ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రాంగూడ ఒకప్పుడు రాళ్ళగుట్టల నడుమ ఉన్న ఊళ్ళు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తర్వాత ఆ ఊళ్ళన్నీ కలిసి హైటెక్ సిటీగా, సైబరాబాద్‌గా మారిపోయాయి. ఈ ప్రాంతంలో ఇప్పుడు రెండు రకాల స్త్రీలు పనిచేస్తున్నారు. ఒకరు అద్దాల మేడలో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగిని. రెండోవారు పక్కనే లేస్తున్న మరో మేడకు ఇటుకలు, ఇసుక మోసే కూలీ చెల్లెలు. పాలమూరు నుంచి వలస వచ్చినవాళ్ళు వీళ్ళలో ఎందరో. మొదటామెకు శుక్రవారం సాయంత్రం ఆఫీసు పార్టీలో ఎవరో ఒక గ్లాసు వైను అందిస్తారు. రెండో ఆమె వారం కూలి చేతికి వచ్చిన రోజు ఒళ్ళు నొప్పులు తగ్గుతాయని భర్తతో కలిసి ఒక సీసా కల్లు తాగుతుంది. మొదటిది ఫ్యాషన్ అనీ, రెండోది ఆచారం అనీ మనం పేర్లు పెట్టుకున్నాం. కడుపులోని బిడ్డ దగ్గరికి చేరేసరికి ఆ రెండూ ఒకటే రసాయనం.

కల్లు, బీరు, వైను, విస్కీ – అన్నిట్లో ఉన్నది ఒకటే

మాది వ్యవసాయ కుటుంబం. మా పొలం గట్టున తాటిచెట్లు, ఈతచెట్లు ఉన్నాయి. కాబట్టి పులియడం అంటే ఏమిటో పుస్తకం కంటే ముందు గౌడన్న దింపిన లొట్టి దగ్గరే నాకు తెలిసింది. తెల్లవారుజామున చెట్టు నుంచి కారే రసం తియ్యగా ఉంటుంది. అందులో సుమారు 10 నుంచి 12 శాతం చక్కెర ఉంటుంది. గాలిలోనూ, లొట్టి గోడల్లోనూ ఉన్న ఈస్ట్ అనే సూక్ష్మజీవి ఆ చక్కెరను తింటూ ఒక్కొక్క గ్లూకోజ్ అణువు నుంచి రెండు అణువుల ఇథైల్ ఆల్కహాల్‌నూ, రెండు అణువుల కార్బన్ డై ఆక్సైడ్‌నూ విడుదల చేస్తుంది. లొట్టిలో కనిపించే నురగ ఆ కార్బన్ డై ఆక్సైడ్ వల్ల వచ్చేదే. పొద్దెక్కే కొద్దీ తీపి తగ్గుతుంది, మత్తు పెరుగుతుంది. చెట్టును, ఋతువును, దింపిన వేళను బట్టి కల్లులో సుమారు 4 నుంచి 6 శాతం ఆల్కహాల్ ఉంటుంది.

బార్లీ గింజల నుంచి బీరు, ద్రాక్షరసం నుంచి వైను తయారయ్యేదీ ఈ పద్ధతిలోనే. అలా పులిసిన ద్రవాన్ని మరిగించి, ఆవిరిని చల్లార్చి పడితే విస్కీ, బ్రాందీ, సారా వంటివి వస్తాయి. తేడా అంతా గాఢతలోనే ఉంది.

ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. మన దగ్గర కల్లును తరచుగా 650 మిల్లీలీటర్ల బీరు సీసాల్లో పోసి అమ్ముతారు. 5 శాతం లెక్కన ఆ సీసాలో 32.5 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. దాని సాంద్రత 0.789 కనుక బరువు సుమారు 25 గ్రాములు. మన దేశంలో విస్కీ సాధారణంగా 42.8 శాతం గాఢతతో వస్తుంది. 30 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అంటే ఒక సీసా కల్లు తాగిన గర్భవతి రెండున్నర పెగ్గుల విస్కీ తాగినట్టే. "కల్లు కదా, ఏం గాదు" అనేవాళ్ళు ఈ లెక్కను ఒకసారి చూడాలి. పెద్దవాళ్ళ కాలేయం సగటున గంటకు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్‌ను మాత్రమే విరగ్గొట్టగలదు. కనుక ఆ ఒక్క సీసా తల్లి రక్తం నుంచి పోవడానికి సుమారు మూడు గంటలు పడుతుంది.

మాయ జల్లెడ కాదు

గర్భంలో తల్లి రక్తం, బిడ్డ రక్తం నేరుగా కలవవు. రెండింటి నడుమ మాయ ఉంటుంది. ఆక్సిజన్, ఆహారం మాయ గుండా బొడ్డుతాడు ద్వారా బిడ్డకు అందుతాయి. మాయ ఒక జల్లెడ లాంటిదనీ, మంచిని పోనిచ్చి చెడును ఆపుతుందనీ చాలామంది అనుకుంటారు. కొన్ని పెద్ద అణువులనూ, చాలా రకాల సూక్ష్మజీవులనూ అది ఆపగలిగే మాట నిజమే. కాని ఇథైల్ ఆల్కహాల్ చాలా చిన్న అణువు. దాని అణుభారం 46. నీటిలోనూ కరుగుతుంది, కొవ్వు పొరల్లో నుంచి కూడా దూరిపోతుంది. అందువల్ల దానికి మాయ అడ్డే కాదు. తల్లి తాగిన గంటసేపట్లోనే బిడ్డ రక్తంలోని ఆల్కహాల్ గాఢత తల్లి రక్తంలోని గాఢతకు దాదాపు సమానమవుతుంది.

తల్లికి పూర్తిగా ఎదిగిన కాలేయం ఉంది. అందులో ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ ఉంది. బిడ్డ కాలేయంలో ఆ ఎంజైమ్ పని చాలా స్వల్పం. కనుక బిడ్డ శరీరంలోని ఆల్కహాల్ చాలామటుకు మళ్ళీ మాయ గుండా తల్లి రక్తంలోకి వచ్చి, తల్లి కాలేయంలో విరిగితేనే పోతుంది. ఈలోగా కొంత ఆల్కహాల్ ఉమ్మనీటిలోకి చేరుతుంది. బిడ్డ ఆ ఉమ్మనీటిని మింగుతూ ఉంటుంది. అంటే తల్లికి మత్తు దిగిన తరువాత కూడా బిడ్డ ఇంకా ఆల్కహాల్‌లోనే ఉంటుంది.

ఏ వారంలో ఏం జరుగుతుంది?

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉన్నవారు ఈ భాగం చదవాలని మనవి.

ఫలదీకరణం జరిగిన మూడో వారంలో పిండం మూడు పొరలుగా ఏర్పడుతుంది. దాదాపు 22వ రోజున గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. మెదడుకు, వెన్నుపాముకు మూలమైన నాడీనాళం సుమారు 28వ రోజుకు మూసుకుంటుంది. ఎనిమిదో వారం ముగిసేసరికి ముఖం, చేతులు, కాళ్ళు, ముఖ్యమైన అవయవాలన్నీ రూపు దిద్దుకుంటాయి. మరి తల్లికి తాను గర్భవతినని తెలిసేది ఎప్పుడు? నెల తప్పాక, ఇంకొన్ని రోజులు చూసి, పరీక్ష చేయించుకున్నాక. అప్పటికి పిండం వయసు మూడు, నాలుగు వారాలు దాటిపోయి ఉంటుంది. ఎండలో పనిచేసే కూలీకి, రాత్రి షిఫ్టులతో నిద్ర తప్పిన ఉద్యోగినికి నెలసరి లెక్క తప్పడం మామూలే కనుక వాళ్ళకు ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది. అంటే అత్యంత సున్నితమైన రోజులు తెలియకుండానే గడిచిపోతాయి. గర్భం నిలిచిందని తెలిశాక మానేద్దాం అనుకోవడంలో ఉన్న ప్రమాదం ఇదే.

1981లో అమెరికాలో క్యాథలిన్ సులిక్, ఆమె సహచరులు ఎలుకల మీద చేసిన ప్రయోగాన్ని "సైన్స్" పత్రికలో ప్రకటించారు. గర్భంతో ఉన్న చిట్టెలుకకు ఏడో రోజున, ఆ ఒక్కరోజే ఆల్కహాల్ ఇచ్చారు. మనుషుల్లో అది మూడో వారంతో సమానం. ఆ ఎలుక పిల్లల ముఖాల్లోనూ, మెదడులోనూ లోపాలు కనిపించాయి. ఒక్కరోజు తాగితే ఏమవుతుంది అన్న ప్రశ్నకు ఇదొక సమాధానం.

అలాగని మొదటి మూడు నెలలు దాటితే భయం లేదనుకోకూడదు. మెదడు తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది. నాడీకణాలు పుట్టిన చోటు నుంచి తమ స్థానాలకు ప్రయాణిస్తాయి, ఒకదానితో ఒకటి సంబంధాలు ఏర్పరచుకుంటాయి. ఆల్కహాల్ ఈ ప్రయాణాన్ని తప్పుదారి పట్టిస్తుంది, కొన్ని కణాలను చంపేస్తుంది. చివరి మూడు నెలల్లో మెదడు ఎదుగుదల చాలా వేగంగా ఉంటుంది. ఆ దశకు సమానమైన వయసులో ఉన్న ఎలుక పిల్లలకు ఆల్కహాల్ ఇచ్చినప్పుడు నాడీకణాలు పెద్దఎత్తున చనిపోయాయని 2000 సంవత్సరంలో "సైన్స్" పత్రికలోనే మరో పరిశోధక బృందం ప్రకటించింది.

ఇందులోనే ఒక ఆశ కూడా ఉంది. మెదడు చివరిదాకా పెరుగుతుంది కనుక ఏ నెలలో మానినా ఆ తర్వాతి ఎదుగుదలకు మేలే. "ఎలాగూ తాగేశాను, ఇక ఏముంది" అని ఏ తల్లీ అనుకోనక్కరలేదు.

శాస్త్రం ఎప్పుడు గుర్తించింది?

మనిషి వేల ఏళ్ళుగా తాగుతున్నా వైద్యశాస్త్రం ఈ హానిని స్పష్టంగా వర్ణించి ఎంతో కాలం కాలేదు. 1968లో ఫ్రాన్సులోని నాంత్ నగరంలో పాల్ లెమ్వాన్ అనే పిల్లల వైద్యుడు తాగుడు అలవాటున్న తల్లిదండ్రుల 127 మంది పిల్లలను పరిశీలించి, వాళ్ళ ముఖాల్లో, ఎదుగుదలలో, నడవడిలో పోలికలున్నాయని రాశాడు. ఆ వ్యాసం ఫ్రెంచి భాషలో ఉండటం వల్ల బయటి ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. 1973లో అమెరికాలోని సియాటిల్ నగరంలో కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ అనే వైద్యులు ఎనిమిది మంది పిల్లలను పరిశీలించి "లాన్సెట్" పత్రికలో ఇంగ్లీషులో రాశారు. ఆ ఏడాదే ఆ స్థితికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఫ్రెంచి వైద్యుడి పరిశోధనను అందరూ వెతికి చదివింది ఆ తర్వాతే.

ఈ చరిత్ర నాకు మరో సంగతిని గుర్తుచేసింది. మనం చదివే పుస్తకాల్లో ఈ విషయం ఇంగ్లీషులో ఉంది. కల్లు మండువలో కూర్చున్న మన అక్కకు అది తెలుగులో చేరలేదు. తెలిసిన మాట తెలియవలసినవారి భాషలో లేకపోతే, ఆ మాట లేనట్టే లెక్క.

పుట్టిన తరువాత

తీవ్రమైన రూపంలో ఈ బిడ్డలను ముఖం చూసి గుర్తించవచ్చు. కళ్ళ చీలికలు చిన్నవిగా ఉంటాయి. ముక్కుకు, పై పెదవికి మధ్య ఉండే నిలువు గాడి చదునుగా ఉంటుంది. పై పెదవి సన్నగా ఉంటుంది. ఎత్తు, బరువు, తల చుట్టుకొలత తక్కువగా ఉంటాయి. కొందరిలో గుండె, మూత్రపిండాలు, ఎముకలు, చూపు, వినికిడిలో లోపాలు ఉండవచ్చు. గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు, చనిపోయి పుట్టడం వంటి ప్రమాదాలు కూడా మద్యం వల్ల పెరుగుతాయి.

ముఖంలో ఏ గుర్తూ లేకుండా మెదడులో మాత్రమే లోపం ఉన్న పిల్లలు ఇంతకంటే ఎక్కువమంది. చూడటానికి అందరిలాగే ఉంటారు. చెప్పింది గుర్తుండదు. లెక్కలు రావు. ఒకచోట కుదురుగా కూర్చోలేరు. నిన్న చేసిన తప్పుకు నిన్ననే దెబ్బలు తిన్నా ఇవాళ మళ్ళీ అదే చేస్తారు. ఎవరేం చెప్పినా నమ్మి చిక్కుల్లో పడతారు. మన బళ్ళలో ఇలాంటి పిల్లవాడికి దొరికే పేరు మొద్దు, లేదా మొండి. గోడకుర్చీ వేయిస్తారు, ఎక్కాలు రాలేదని కొడతారు, చివరకు పశువుల వెంట పంపిస్తారు. అలాంటి ప్రతి పిల్లవాడి కష్టానికీ కారణం మద్యమే అని నేను అనడం లేదు. రక్తహీనత, పోషకాహార లోపం, కాన్పు కష్టం, వంశపారంపర్యం, ఎన్నో కారణాలుంటాయి. కాని ఆ అనేక కారణాల్లో ఇది కూడా ఒకటని ఉపాధ్యాయుడికి, తల్లిదండ్రులకు తెలిస్తే ఆ పిల్లవాడికి కొన్ని దెబ్బలైనా తప్పుతాయి.

ఈ లోపం జీవితాంతం ఉంటుంది. దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. చిన్నప్పుడే గుర్తించి, ఓపికగా, చిన్నచిన్న మెట్లుగా నేర్పిస్తే, ఇంట్లో కొట్టని, తిట్టని వాతావరణం ఉంటే, ఆ పిల్లలు చాలా మెరుగవుతారు.

ప్రపంచం మొత్తం మీద గర్భవతుల్లో సుమారు 9.8 శాతం మంది మద్యం తాగుతున్నారనీ, అలా తాగినవారిలో ప్రతి 67 మందికి ఒకరి బిడ్డ ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్‌తో పుడుతున్నదనీ 2017లో "లాన్సెట్ గ్లోబల్ హెల్త్" పత్రిక ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది. ఇది తీవ్ర రూపం లెక్క మాత్రమే. పైకి కనబడని లోపాలు దీనిలో లేవు.

మన రాష్ట్రం లెక్క

ఆడవాళ్ళ తాగుడు అనగానే మనవాళ్ళు పబ్బుల వైపు వేలు చూపిస్తారు. అంకెలు అలా చెప్పడం లేదు. 2019–21లో జరిగిన 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 ఏళ్ళు దాటిన స్త్రీలలో మద్యం తాగేవారు 1.3 శాతం. తెలంగాణలో 6.7 శాతం. ఇందులో పట్టణాల్లో 2.6 శాతం కాగా, పల్లెల్లో 9 శాతం. పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో 0.5 శాతమే. తెలంగాణలో మగవాళ్ళు 43.3 శాతం తాగుతున్నారన్న సంగతి కూడా పక్కనే రాసుకోవాలి. ఇవి గర్భవతుల లెక్కలు కావు, స్త్రీలందరి లెక్కలు. అయినా గర్భవతులు అయ్యేది వీళ్ళలోనే కదా.

దీన్నిబట్టి తేలేది ఏమిటంటే, మన దగ్గర ఈ సమస్య హైటెక్ సిటీ పబ్బులతో మొదలు కాలేదు. పండగకు, పబ్బానికి, బోనాలకు, పెళ్ళికి, చావుకు కల్లు పోసే ఆచారం ఎప్పటినుంచో ఉంది. పబ్బు దానికి కొత్త తలుపు తెరిచిందంతే. రెండు తలుపులనూ ఒకేసారి చూడాలి. పేదరాలు తాగితే మోటు అని, ఉద్యోగిని తాగితే చెడిపోయిందని తిట్టే వాళ్ళు ఆ ఇద్దరి బిడ్డలకూ ఏ మేలూ చేయడం లేదు. తిట్లకు భయపడిన స్త్రీ ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగినప్పుడు నిజం దాస్తుంది. అప్పుడు డాక్టరమ్మ కూడా ఏమీ చేయలేదు.

పేదింటి గర్భవతికి ఇంకో ఇబ్బంది ఉంది. అదే సర్వే ప్రకారం తెలంగాణలో గర్భవతుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఆల్కహాల్ ఫోలిక్ ఆమ్లం వంటి పోషకాలు ఒంటికి పట్టకుండా చేస్తుంది. తిండి చాలని ఒంట్లో అదే మోతాదు మద్యం బిడ్డకు ఎక్కువ హాని చేస్తుంది.

కల్తీ కల్లు – రెండో విషం

చెట్టు కల్లు గురించి ఇంతవరకు చెప్పాను. నగరంలో దొరికేదంతా చెట్టు కల్లు కాదు. చెట్లు తక్కువ, తాగేవాళ్ళు ఎక్కువ. అందుకని నీళ్ళలో కొంచెం కల్లు, శాక్రిన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డయాజిపాం, అల్ప్రజోలం వంటి మందులు కలుపుతారు. ఎక్సైజ్ శాఖవారి దాడుల్లో ఇవి పట్టుబడటం పత్రికల్లో తరచుగా చూస్తుంటాం. 2025 జూలైలో హైటెక్ సిటీకి దగ్గరలోనే ఉన్న కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు.

అల్ప్రజోలం, డయాజిపాం కూడా మాయను దాటి బిడ్డకు చేరతాయి. మెదడులో ఆల్కహాల్ పనిచేసే వ్యవస్థల్లో ఒకదాని మీదే ఇవీ పనిచేస్తాయి. ఇవి అలవాటైన తల్లికి పుట్టిన బిడ్డ ఒళ్ళు మెత్తబడి, పాలు తాగలేక, ఊపిరికి ఇబ్బంది పడుతూ ఉండవచ్చు.

ఇంకొక హెచ్చరిక. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద గట్టి దాడులు జరిగి సరఫరా ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలమంది వణుకు, పిచ్చి చూపులు, ఫిట్స్‌తో ఆసుపత్రులకు చేరారు. శరీరం మందుకు అలవాటు పడ్డాక హఠాత్తుగా ఆపితే అలా అవుతుంది. కనుక రోజూ కల్లు గాని మద్యం గాని తాగే గర్భవతిని ఇంట్లో గది తలుపు వేసి మాన్పించకూడదు. ఆసుపత్రిలో డాక్టరు పర్యవేక్షణలో మాన్పించాలి. అప్పుడప్పుడు తాగేవాళ్ళు మాత్రం ఇవాళే ఆపేయవచ్చు.

కొన్ని నమ్మకాలు – సమాధానాలు

"కల్లు చలువ బిడ్డా, వేడి చేసినప్పుడు తాగాలె." కల్లు తాగాక ఒళ్ళు చల్లబడ్డట్టు అనిపించవచ్చు. కాని ఆల్కహాల్ మూత్రాన్ని పెంచి ఒంట్లోని నీటిని తగ్గిస్తుంది. చలువకు మజ్జిగ ఉంది, అంబలి ఉంది, కొబ్బరినీళ్ళు ఉన్నాయి.

"మేం తాగలేదా, పిల్లల్ని కనలేదా?" మన నాయనమ్మలు, అమ్మమ్మలు అనే మాట ఇది. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. తాగిన ప్రతి తల్లి బిడ్డకూ లోపం రాదు. తాగిన మోతాదు, తాగిన వారం, తల్లి తిండి, జన్యువులు అన్నీ కలిసి ఫలితాన్ని నిర్ణయిస్తాయి. రైలు పట్టాలు దాటిన ప్రతివాడూ చనిపోడు. అయినా గేటు వేసినప్పుడు ఆగమనే మనం చెప్తాం. పైగా ఆ కాలంలో కడుపు పోయిన ఆడవాళ్ళ లెక్క, పుట్టి పోయిన పిల్లల లెక్క ఎవరూ రాయలేదు.

"బాలింత తాగితే పాలు పడతాయి." అమెరికాలో జూలీ మెనెల్లా, గ్యారీ బోషాం 1991లో ప్రచురించిన పరిశోధనలో, తల్లి ఆల్కహాల్ తాగాక బిడ్డ తాగిన పాలు తగ్గాయని తేలింది. తల్లి రక్తంలో ఉన్న ఆల్కహాల్ పాలలోకి కూడా వస్తుంది.

"రెడ్ వైను రక్తం పట్టిస్తుంది." రంగును చూసి పుట్టిన నమ్మకం. రక్తానికి కావలసింది ఇనుము. అది ఆకుకూరల్లో, బెల్లంలో, మాంసంలో, ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రల్లో ఉంది.

"నీరా అయితే?" పులియని తాటి, ఈత రసం నీరా. దానిలో ఆల్కహాల్ ఉండదు. 2023లో నెక్లెస్ రోడ్డులో ప్రభుత్వం నీరా కేఫ్ కూడా తెరిచింది. కాని దింపినప్పటి నుంచి చల్లగా ఉంచకపోతే కొన్ని గంటల్లోనే అది కల్లు అవుతుంది. ఎప్పుడు దింపిందో, ఎలా ఉంచారో తెలియని నీరాను గర్భవతి తాగకపోవడమే మంచిది.

"ఎంత తాగితే ఫరవాలేదు?" గర్భవతికి సురక్షితమైన మోతాదు ఇంత అని శాస్త్రం ఇంతవరకూ చూపలేకపోయింది. అందుకనే ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భవతులు మద్యం అసలే తాగవద్దని చెబుతుంది.

సీసా మీద లేని మాట

అమెరికాలో 1989 నుంచి ప్రతి మద్యం సీసా మీద గర్భవతులు తాగితే బిడ్డకు లోపాలు రావచ్చన్న హెచ్చరిక తప్పనిసరి. ఫ్రాన్సులో 2007 నుంచి, ఆస్ట్రేలియాలో 2023 నుంచి అలాంటి గుర్తు గాని మాట గాని ఉండాలి. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ నియమాల ప్రకారం 2019 ఏప్రిల్ 1 నుంచి సీసా మీద హెచ్చరిక ఉంటున్నది. మద్యం ఆరోగ్యానికి హానికరమనీ, తాగి బండి నడపవద్దనీ ఆ హెచ్చరిక సారాంశం. గర్భవతి గురించి ఒక్క మాట లేదు. కల్లు సీసాకైతే అసలు లేబులే లేదు. చదువురాని వాళ్ళకు కూడా అర్థమయ్యేలా గర్భవతి బొమ్మ మీద అడ్డగీత గీసిన గుర్తు చాలు. దాన్ని సీసా మీద వేయడానికి, కల్లు కాంపౌండు గోడ మీద రాయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

పాఠం వల్ల ఏమవుతుంది అని నిరాశపడేవారికి నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తుచేస్తాను. 1990వ దశకం మొదట్లో అక్కడ రాత్రిబడికి వెళ్ళిన ఆడవాళ్ళు అక్షరాస్యత వాచకంలోని సీతమ్మ కథ చదివి, అది తమ కథే అని గుర్తించి సారాకొట్టు మూయించారు. అది రాష్ట్రమంతటా పాకి 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్య నిషేధానికి దారితీసింది. 1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని సడలించారన్నది వేరే సంగతి. ఆనాటి పోరాటం భర్త తాగి తగలేసే కూలి డబ్బు గురించి, తినే దెబ్బల గురించి. కడుపులోని బిడ్డ గురించిన పాఠం ఇంకా మిగిలే ఉంది.

మనం చేయగలిగినవి

మొదటిది, మగవాళ్ళకు. ఇంట్లో సీసా తెచ్చేది చాలామటుకు భర్తే. భార్య కడుపుతో ఉన్నప్పుడు, అసలు బిడ్డ కోసం ఎదురుచూస్తున్నప్పటి నుంచే, ఇంట్లోకి మద్యం తేకపోవడం ఆమెకు వెయ్యి నీతులు చెప్పడం కంటే మేలు.

రెండవది, పెళ్ళి కావలసిన, పిల్లల్ని కనవలసిన వయసులో ఉన్న మన వంటివారికి. బిడ్డ కావాలనుకున్న నెల నుంచే మానేయాలి. తెలిశాక మానేద్దామంటే మూడు వారాలు ఆలస్యమవుతుంది.

మూడవది, తెలియక తాగినవారికి. భయపడవద్దు, దాచవద్దు. వెంటనే ఆపి, పరీక్షకు వెళ్ళినప్పుడు డాక్టరుకు చెప్పాలి. ఆశా కార్యకర్తకైనా, అంగన్‌వాడీ టీచర్‌కైనా చెప్పవచ్చు. మానలేకపోతున్నవారికి 14446 నంబరులో ఉచితంగా సలహా దొరుకుతుంది.

నాలుగవది, మన విద్యార్థి సంఘానికి నా ప్రతిపాదన. ప్రతి ఏటా రక్తదాన శిబిరం పెడుతున్నట్టే, ఈ ఏడాది ఒక ఆదివారం ఈ పాఠాన్ని తెలుగులో, బొమ్మలతో, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ వైపు కూలీల గుడిసెల దగ్గర చెబుదాం. పాలమూరు మాట వచ్చినవాళ్ళు మన తరగతుల్లో చాలామంది ఉన్నారు. మరుసటి వారం అదే పాఠాన్ని అద్దాల మేడల్లో పనిచేస్తున్న మన పూర్వ విద్యార్థులకూ చెబుదాం. రెండు చోట్లా ఒకే బొమ్మలు, ఒకే లెక్క, ఒకే మాట: కడుపుతో ఉన్నప్పుడు ఏ సీసా అయినా వద్దు.

బొమ్మలు గీయగల మిత్రులు, సెలవుల్లోగా జంతుశాస్త్ర విభాగంలో నన్ను కలవగలరు.